కొత్త ఫోనొస్తోందట, మన సిమ్ముకి పలుకుతుందా?

మా ఇంట్లో ఈ మధ్య ఒకటే గొడవ. రాబోయే మడతపెట్టే టాబ్లెట్టు ఎంత పల్చగా ఉంటుంది, కెమెరాలు రెండా మూడా, ఛార్జింగు ఎన్ని నిమిషాల్లో ఎక్కుతుంది అని పెద్ద మనవడు పొద్దస్తమానం అవే కబుర్లు. ఎవరో దొంగచాటుగా ఫోటో తీశారట, ఫ్యాక్టరీలో పనిచేసేవాడెవడో గుట్టు విప్పాడట. మనవరాలు ఇదంతా విని విని, "అది ముందు అమెరికాలో వస్తుంది, బాబాయి చేత తెప్పించుకుంటానంటున్నావు, బాగానే ఉంది అన్నయ్యా. ఇక్కడ మన సిమ్ముకి పలుకుతుందా?" అంది. వాడు తెరిచిన నోరు మూశాడు.

"ఇలా వచ్చి కూర్చోండర్రా" అన్నాను. పిల్లది అడిగింది అసలైన ప్రశ్న. అద్దం, రంగు, కెమెరా అన్నీ కంటికి కనిపించేవి. టవరుతో మాట కలిసేదీ లేనిదీ కంటికి కనిపించదు. అందుకే దాని మీద ఊహాగానాలు తక్కువ, అందులోనే తంటాలు ఎక్కువ.

ఈ తంటా ఇవాళ్టిది కాదు. 2005లో నోకియా వాళ్ళు 770 అని ఒక ఇంటర్నెట్ టాబ్లెట్టు తెచ్చారు. అరచేతిలో అడ్డంగా పట్టుకుని చూసేది. 2007 మొదట్లో ఎన్800 వచ్చింది, అదే ఏడు చివర్లో కిందికి జారే కీబోర్డుతో ఎన్810 వచ్చింది. మూడింటిలోనూ వైఫై ఉంది, బ్లూటూత్ ఉంది, సిమ్ము మాత్రం లేదు. గడప దాటితే నెట్ కావాలంటే జేబులో ఇంకో ఫోను ఉండాలి, దాన్ని బ్లూటూత్‌తో దీనికి తగిలించాలి. ఇంటెల్ వాళ్ళు కూడా ఇలాంటి వస్తువులన్నిటికీ మొబైల్ ఇంటర్నెట్ డివైస్ అని ఘనంగా పేరు పెట్టి, 2008లో ఆటమ్ చిప్పు తెచ్చారు. వస్తువులూ నిలవలేదు, పేరూ నిలవలేదు. అదే సంవత్సరం ఎన్810కి వైమాక్స్ రకం ఒకటి పుట్టింది. అమెరికాలో స్ప్రింట్ కంపెనీ బాల్టిమోర్ నగరంలో మొదలెట్టిన వైమాక్స్ నెట్‌వర్కుని నమ్ముకుని చేసిన సరుకది. 2009 మొదట్లోనే దాని తయారీ ఆపేశారు. నెట్‌వర్కు ఊళ్ళకి పాకకముందే దాని కోసం చేసిన వస్తువు అంగట్లో అడుగంటిపోయిందన్నమాట.

అప్పుడు మొదలయ్యాయి అసలు పుకార్లు. తరవాతి దానిలో సిమ్ము ఉంటుంది, 3జి ఉంటుంది, ఫోను కూడా అదే అని. ఆ పుకారు నిజమే అయింది. 2009 ఆగస్టులో ప్రకటించి నవంబరులో అమ్మిన ఎన్900కి సిమ్ము ఉంది, 3జి ఉంది. అమెరికాలో ధర 649 డాలర్లు. కొన్నవాళ్ళలో ఏటీ అండ్ టీ అనే అక్కడి కంపెనీ సిమ్ము ఉన్నవాళ్ళు పెట్టె విప్పి చూసుకుంటే నెట్ నత్తనడక నడుస్తోంది. కారణమేమిటంటే ఆ ఫోను 3జి పలికే పౌనఃపున్యాలు 900, 1700, 2100 మెగాహెర్ట్జ్. ఏటీ అండ్ టీ వాళ్ళ 3జి టవర్లు పలికేది 850లోనూ 1900లోనూ. ఒక్కటీ కలవలేదు. ఇక మిగిలింది 2జిలోని ఎడ్జ్ వేగం. అదే ఫోనులో టీ-మొబైల్ సిమ్ము వేస్తే 3జి దౌడు తీసింది.

మరుసటి ఏడు, 2010లో, యాపిల్ మొదటి ఐప్యాడ్ వచ్చింది. దాని 3జి పౌనఃపున్యాలు 850, 1900, 2100. ఏటీ అండ్ టీతో చక్కగా పలికింది, టీ-మొబైల్‌తో 3జి పలకలేదు. ఒకే ఊరు, ఒకే వీధి, రెండు ఖరీదైన వస్తువులు, రెండు పెద్ద కంపెనీలు. ఒకదానికి పనికొచ్చింది ఇంకోదానికి పనికిరాదు.

"ప్రపంచమంతా ఒకే నంబరు పెట్టుకోవచ్చుగా?" అన్నాడు మనవడు.

పెట్టుకుందామనే అనుకున్నారురా. 3జి కోసం చాలా దేశాలు 2100 మెగాహెర్ట్జ్ పట్టీని, అంటే బ్యాండుని, ఎంచుకున్నాయి. అందులో ఫోను టవరుకి చెప్పే మాటలు 1920 నుంచి 1980 దాకా, టవరు ఫోనుకి చెప్పేవి 2110 నుంచి 2170 దాకా. అమెరికా వాళ్ళేమో అప్పటికే 1900 పట్టీని వేలం వేసి అమ్మేసుకున్నారు. అక్కడ టవరు మాట్లాడేదే 1930 నుంచి 1990 దాకా. అంటే ఇతర దేశాల్లో ఫోను మాట్లాడే చోట అక్కడ టవరు అరుస్తూ ఉంటుంది. ఇక చేసేది లేక, ఫోను మాటకి 1700నీ టవరు మాటకి 2100నీ జతకట్టి వేరే పట్టీ చేసుకున్నారు. టీ-మొబైల్‌కి దక్కింది అదే. అలాగే మనం వాడే 900 పట్టీ కూడా వాళ్ళకి కుదరదు. అందులో 902 నుంచి 928 దాకా లైసెన్సు అక్కర్లేని చిన్నాచితకా పరికరాలకి ఎప్పుడో వదిలేశారు. వాళ్ళు వాడేది 850. ఒక్కో దేశంలో ముందుగా ఎవరు ఏ జాగాలో పాతుకుపోయారో, టీవీ వాళ్ళా, మిలిటరీ వాళ్ళా, దాన్నిబట్టి మిగిలిన జాగాలో సెల్‌ఫోను సర్దుకుంది. ఇందులో విజ్ఞానశాస్త్రం పాలు తక్కువ, చరిత్ర పాలు ఎక్కువ.

దీనిమీద కోర్టుకెక్కిన సంగతి కూడా ఉంది. 2012లో యాపిల్ మూడో ఐప్యాడ్ తెచ్చి, దానికి వైఫై ప్లస్ 4జి అని పేరు పెట్టి ఆస్ట్రేలియాలో కూడా అదే పేరుతో అమ్మింది. దానిలోని 4జి పలికేది అమెరికా, కెనడాల పట్టీల్లో. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా 4జి నడిచేది 1800లో. పెట్టె మీద 4జి అని ఉంది, ఇంటికి తీసుకెళితే 4జి రాదు. అక్కడి వినియోగదారుల కమిషన్ దావా వేసింది, ఫెడరల్ కోర్టు 22 లక్షల 50 వేల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఆ వస్తువు పేరు కూడా వైఫై ప్లస్ సెల్యులర్ అని మారింది. మన దేశంలో అదే 2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ కలకత్తాలో మొదటి 4జి మొదలెట్టింది, 2300 పట్టీలో. ఆ ఐప్యాడ్‌కి అదీ అందదు. పెట్టె మీద రాసిన జి ముందు అంకెని చూసి మురిసిపోకూడదని నేను అనేది అందుకే. 4జి, 5జి అనేవి మాట్లాడే పద్ధతి పేర్లు. ఏ పౌనఃపున్యంలో మాట్లాడాలన్నది వేరే లెక్క.

ఇంతకీ, ఒక పట్టీకి చేసిన ఫోను ఇంకో పట్టీని ఎందుకు వినలేదు? మా చిన్నప్పటి వాల్వు రేడియోకి ఒక పెద్ద మర ఉండేది, మీడియం వేవ్ నుంచి షార్ట్ వేవ్‌కి తిప్పడానికి. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్‌లో వచ్చేది. ఆ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. సిలోన్ స్టేషన్ కావాలంటే మర తిప్పాలి, లోపల తీగచుట్ట మారేది. మీ ఫోనులో జరిగేదీ అదే, తరంగాలే పొట్టివి. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 43 సెంటీమీటర్లు. 3500 మెగాహెర్ట్జ్‌ది ఎనిమిదిన్నర. యాంటెన్నా బాగా పలకాలంటే మామూలుగా తరంగంలో నాలుగో వంతు పొడవుండాలి. అంటే ఒకదానికి పదిన్నర సెంటీమీటర్లు కావాలి, ఇంకోదానికి రెండు చాలు. పదిహేను సెంటీమీటర్ల ఫోనులో ఇలాంటివి ఎన్ని పడతాయి?

మీ ఫోను ఒకసారి ఇలా ఇవ్వు. చుట్టూ లోహపు చట్రం ఉంది కదా. దాని మీద అక్కడక్కడ సన్నటి గీతలు చూడు, గోరుతో గీకితే తగులుతాయి. అవి అందానికి పెట్టినవి కావు. ఆ గీతలు ప్లాస్టిక్కు. చట్రాన్ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనీ ఒక్కో యాంటెన్నాగా వాడుతున్నారు. కింద మూల పొడుగు ముక్క తక్కువ పౌనఃపున్యానికి, పొట్టి ముక్కలు ఎక్కువ వాటికి. మనం చేత్తో పట్టుకునే అంచే టవరుతో మాట్లాడే నాలుక.

యాంటెన్నా ఒక్కటే అయితే ఎలాగో సర్దేవారు. అసలు కష్టం దాని వెనక ఉన్న ఫిల్టరుది. గాలిలో ఒకేసారి వంద గొంతులు పలుకుతుంటాయి. మన పట్టీ ఒక్కదాన్నే లోపలికి రానిచ్చి తక్కినవన్నీ బయటే ఆపాలి. మీ మామ్మకి పిండి జల్లెడ వేరు, రవ్వ జల్లెడ వేరు. ఒకదానితో రెండో పని చెయ్యమంటే తిడుతుంది. అలాగే ప్రతి పట్టీకీ విడిగా ఒక ఫిల్టరు కావాలి, కన్నాల సైజు చేసినప్పుడే ఖాయం.

ఆ ఫిల్టరు పనిచేసే తీరు వింటే మీకు నమ్మకం కుదరదు. రేడియో తరంగం సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పరిగెడుతుంది. దాన్ని ఒక స్ఫటికం మీదకి దింపి శబ్దంగా మార్చేస్తారు. లిథియం టాంటలేట్ లాంటి స్ఫటికాలకి కరెంటు తగిలితే వణికే గుణం ఉంది, వణికిస్తే కరెంటు పుట్టే గుణం కూడా ఉంది. స్ఫటికం మీద దువ్వెన పళ్ళంత దగ్గర దగ్గరగా కాదు, అంతకన్నా వేల రెట్లు దగ్గరగా లోహపు గీతలు గీస్తారు. సిగ్నల్ వచ్చి ఆ గీతల్ని తాకగానే స్ఫటికం పైపొర మీద శబ్దతరంగం బయలుదేరుతుంది. దాని వేగం సెకనుకి నాలుగు కిలోమీటర్లే. వేగం అంత తగ్గింది కాబట్టి తరంగం పొడవూ తగ్గింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర గాలిలో 33 సెంటీమీటర్లున్నది స్ఫటికం మీద మీటరులో పదిలక్షల వంతులు నాలుగైదు మాత్రమే, తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా లేదు. గీతల మధ్య ఎడానికి సరిపోయిన తరంగం అవతలి గట్టుకి చేరి మళ్ళీ కరెంటు అవుతుంది. సరిపోనిది అక్కడే చచ్చిపోతుంది. ఇలా పైపొర మీద పాకే తరంగాలని 1885లో లార్డ్ రేలీ అనే ఆంగ్లేయుడు లెక్కగట్టి చూపించాడు. భూకంపం వచ్చినప్పుడు నేల మీద పాకే తరంగాల్లో ఇవీ ఒక రకం. భూమిని ఊపేదే మీ జేబులో ఊగుతూ అమ్మమ్మ గొంతుని వడకట్టి ఇస్తోంది.

నేటి ఖరీదైన ఫోనులో ఇలాంటి ఫిల్టర్లు డజన్ల కొద్దీ ఉంటాయి. ఒక్కోటీ డబ్బే, ఒక్కోటీ జాగాయే. అందుకే ఒకే పేరు, ఒకే రంగు ఫోనుని కంపెనీలు దేశానికో రకంగా చేస్తాయి. మోడల్ నంబరు మాత్రమే మారుతుంది. ఫిల్టరు లేని పట్టీని ఏ సాఫ్ట్‌వేర్ అప్‌డేటూ తెచ్చి పెట్టలేదు. "అప్‌డేట్ వస్తే వచ్చేస్తుందిట" అని షాపువాడు అంటే వాడికి గీతల సంగతి తెలీదనుకో.

"అయితే పట్టీలన్నీ ఉంటే సరిపోతుందా తాతయ్యా?" అంది మనవరాలు.

సరిపోదమ్మా. అదే రెండో మడత పేచీ. సరుకంతా లోపల ఉండి కూడా పలక్కుండా ఉండటం. అమెరికాలో 2007 నుంచి ఐఫోను ఏటీ అండ్ టీ దగ్గరే దొరికేది. ఇంకో పెద్ద కంపెనీ వెరిజాన్‌కి వస్తుందిట, వస్తుందిట అని ఏళ్ళ తరబడి పుకార్లు. ఏటీ అండ్ టీది జీఎస్ఎం పద్ధతి, వెరిజాన్‌ది సీడీఎంఏ పద్ధతి. చివరికి 2011 ఫిబ్రవరిలో వెరిజాన్ ఐఫోను 4 వచ్చింది. విప్పి చూసినవాళ్ళకి అందులో క్వాల్‌కామ్ చిప్పు కనిపించింది, సీడీఎంఏ, జీఎస్ఎం రెండూ తెలిసిన చిప్పు. కానీ సిమ్ము పెట్టే గూడే లేదు! రెండు భాషలు వచ్చినవాణ్ణి ఒక భాషకే కట్టేశారు.

మన దగ్గరా ఆ సీడీఎంఏ భోగం నడిచింది. 2003లో రిలయన్స్ వాళ్ళు 501 రూపాయలు కట్టించుకుని ఫోను చేతిలో పెట్టిన రోజులు మీ నాన్నకి గుర్తుంటాయి. సిమ్ము లేదు, నంబరు ఫోనులోనే రాసేసేవారు. కంపెనీ మారాలంటే ఫోను పారెయ్యాలి. జనం పారేశారు కూడా.

ఆ తరవాత 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. ఆ నెట్‌వర్కులో 2జి లేదు, 3జి లేదు, 4జి ఒక్కటే, 850, 1800, 2300 పట్టీల్లో. ఇక్కడో చిక్కు. 2జి, 3జిల్లో మాట కోసం విడిగా దారి ఉండేది. 4జిలో ఆ దారే లేదు, మాట కూడా డేటా ముక్కలుగా వెళ్ళాల్సిందే. దాన్నే వోల్టే అంటున్నారు. 4జి ఉండి వోల్టే లేని ఫోనులు అప్పట్లో బోలెడు. వాటిలో సినిమాలు చూడొచ్చు, "హలో" అనలేరు! అందుకోసం జియో వాళ్ళు మాట్లాడటానికి విడిగా ఒక యాప్ ఇవ్వాల్సి వచ్చింది.

మా వీధిలో ఒకావిడకి ఇలాంటిదే జరిగింది. అల్లుడు అమెరికా నుంచి మంచి ఫోను తెచ్చిచ్చాడు. వాట్సాప్ పలుకుతుంది, వీడియో పలుకుతుంది, మామూలు కాల్ మాత్రం చెయ్యగానే పుటుక్కుమంటుంది. మూడు షాపులు తిరిగి, సిమ్ము మార్చి, డబ్బులు తగలేసి చివరికి నా దగ్గరకొచ్చారు. పట్టీలన్నీ ఉన్నాయి. అమెరికా కంపెనీ ఆ ఫోనులో మన నెట్‌వర్కుల వోల్టే సెట్టింగులు పెట్టలేదు, అంతే. ఎవరి తప్పని అడిగితే ఎవరూ పలకరు. ఆ ఫోను ఇప్పుడు టీవీకి బొమ్మలు పంపడానికి వాడుకుంటున్నారు.

ఇక్కణ్ణించి అటు వెళ్ళేటప్పుడూ ఇదే గండం. కాన్పుకనో, మనవల్ని చూడ్డానికనో డాలస్‌కీ న్యూజెర్సీకీ వెళ్ళే మన తల్లిదండ్రులు ఇక్కడి ఫోను పట్టుకెళతారు. 2022లో అమెరికాలో మూడు పెద్ద కంపెనీలూ 3జి కట్టేశాయి. ఏటీ అండ్ టీ అయితే తన జాబితాలో లేని మోడళ్ళని, వోల్టే ఉన్నా సరే, కాల్స్ చెయ్యనివ్వలేదు. పైగా అక్కడ ఊరి బయట పనికొచ్చేవి 12, 13, 71 అనే నంబర్ల పట్టీలు, 600, 700 మెగాహెర్ట్జ్‌వి. మన దేశానికి చేసిన చవక ఫోనుల్లో అవి తరచూ ఉండవు. మాల్‌లో సిగ్నల్ ఉంటుంది, హైవే ఎక్కితే ఉండదు. వెళ్ళేముందు చూసుకోవాలి.

5జిలో కూడా రెండు పద్ధతులు. 2022 అక్టోబరు 1న మన దేశంలో 5జి మొదలైనప్పుడు జియో పూర్తిగా 5జి మీదే నిలబడే ఎస్‌ఏ పద్ధతి పట్టింది, ఎయిర్‌టెల్ 4జి చెయ్యి పట్టుకు నడిచే ఎన్ఎస్ఏ పద్ధతితో మొదలెట్టింది. 5జి ఫోనులు చేతిలో ఉన్న ఐఫోను వాళ్ళు డిసెంబరులో 16.2 అప్‌డేట్ వచ్చేదాకా గుటకలు మింగుతూ కూర్చున్నారు. లోపల ఫిల్టరుంది, యాంటెన్నా ఉంది, తాళం మాత్రం కంపెనీ దగ్గర ఉంది. ఇది అప్‌డేట్‌తో తీరే జబ్బు. ఫిల్టరే లేకపోవడం తీరనిది. ఈ రెంటికీ తేడా తెలిసినవాడు పుకార్లని వినే తీరే వేరుగా ఉంటుంది.

ఇక రాబోయేవాటి మాట.

టవరు లేకుండా ఉపగ్రహంతో మామూలు ఫోను మాట్లాడుతుందనేది ఇప్పటి పెద్ద పుకారు. ఇది సగం దాకా నిజమైపోయింది కూడా. 2025 జూలైలో టీ-మొబైల్, ఉపగ్రహాల కంపెనీ స్టార్‌లింక్ కలిసి అమెరికాలో ఈ సేవ మొదలెట్టాయి, 1900 పట్టీలోనే, చేతిలో ఉన్న ఫోనులతోనే. ఇందులో ఉన్న ఇంజనీరింగు చూడండి. మీ 4జి ఫోను గట్టిగా అరిస్తే వాటులో ఐదో వంతు శక్తి. టవరు కిలోమీటరు దూరంలో ఉంటే సరే. ఉపగ్రహం 500 కిలోమీటర్ల ఎత్తులో ఉంటే సిగ్నల్ రెండున్నర లక్షల రెట్లు బలహీనపడుతుంది. పైగా అది సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతోంది కాబట్టి పౌనఃపున్యం అటూ ఇటూ జరిగిపోతుంది. 1900 దగ్గర ఆ జరుగుడు నలభై కిలోహెర్ట్జ్ పైమాటే. 4జి సిగ్నల్‌లోని పక్కపక్క సన్నటి పాయల మధ్య ఎడమే పదిహేను కిలోహెర్ట్జ్. ఫోనుకి ఈ గొడవేదీ తెలియనివ్వకుండా ఉపగ్రహమూ నేల మీది కంప్యూటర్లూ ముందే దిద్ది పంపాలి. మన ఫోను బక్క గొంతు వినడానికి పైన పెద్ద చెవి కావాలి. 2025 డిసెంబరు 24న మన శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్టు మోసుకెళ్ళిన అమెరికా ఉపగ్రహం బ్లూబర్డ్ చెవి అలాంటిదే. ఆరు టన్నుల పైచిలుకు బరువు, విప్పుకుంటే 223 చదరపు మీటర్ల యాంటెన్నా.

నా మాట అడిగితే, ఇది సముద్రం మీదా అడవిలోనూ గొప్ప వరం. పాత 2జి జీఎస్ఎంలో టవరు నుంచి 35 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఉన్నా మాట కలవదు, లెక్క అక్కడికే కట్టారు. నిజాంపట్నం, కాకినాడల నుంచి వేటకెళ్ళే పడవలకి ఉపగ్రహం పలికితే అంతకన్నా ఏం కావాలి? కానీ మేడ మీద గదిలో, స్లాబు కింద కూర్చుని సినిమా చూడటానికి ఇది పనికొస్తుందని ఎవరన్నా అంటే నమ్మకండి. కాంక్రీటు దాటి అంత దూరం వెళ్ళే శక్తి మన ఫోనుకి లేదు, రేపు కూడా రాదు. ఇంకో మాట: విదేశాల నుంచి ఉపగ్రహ ఫోను తెచ్చి అనుమతి లేకుండా ఇక్కడ వాడితే పోలీసు కేసవుతుంది. సరదాకి కూడా తేవద్దని మీ బాబాయికి చెప్పండి.

చేతి గడియారాలకి 5జి వస్తుందన్నది కూడా పుకారు దశ దాటింది. రెడ్‌క్యాప్ అని తగ్గించిన 5జి ఒకటుంది. యాంటెన్నాలు తక్కువ, వేగం తక్కువ, బ్యాటరీ ఖర్చు తక్కువ. 2025 సెప్టెంబరులో యాపిల్ గడియారంలో అదే పెట్టారు. గడియారంలో జాగా ఎంత? అందుకే పట్టీలు కొన్నే పెట్టగలరు. పైగా రెడ్‌క్యాప్‌కి నేను ఇందాక చెప్పిన ఎస్‌ఏ రకం 5జి కావాలి. వేరే దేశం గడియారం తెచ్చుకునేవాళ్ళు ఫోను కన్నా రెండింతలు జాగ్రత్త పడాలి.

సిమ్ము ముక్కే ఉండదన్నది మూడోది. ఇది తప్పక నిజమవుతుంది, అవుతోంది కూడా. 2010లో ఐప్యాడ్‌తో మైక్రో సిమ్ వచ్చినప్పుడు సెంటర్లో షాపులవాళ్ళు సిమ్ కట్టరు పెట్టుకుని టక్కున నొక్కి పది, ఇరవై పుచ్చుకునేవారు. 2012లో నానో వచ్చింది. 2022లో అమెరికా ఐఫోను 14కి గూడే తీసేశారు. 2025లో వచ్చిన ఐఫోను ఎయిర్‌కి ఏ దేశంలోనూ సిమ్ము గూడు లేదు. కంపెనీలకి జాగా మిగిలింది, నీళ్ళు దూరే కన్నం ఒకటి పోయింది. మనకేం పోయిందంటే, ఫోను పాడైన రాత్రి సిమ్ము పీకి మామ్మ డబ్బా ఫోనులో వేసుకుని మాట్లాడే సౌకర్యం. నాకు ఈ మార్పు నచ్చలేదు. పల్లెటూళ్ళో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి అసలు నచ్చదు.

ఇక 6జి ఫోను వచ్చే ఏడాదిట అని మీ క్లాసులో ఎవరో అన్నారన్నావు. 6జికి ఏ పౌనఃపున్యాలు ఇవ్వాలో తేల్చే పెద్ద సభ 2027లో షాంఘైలో జరగాలి. అప్పటికి గానీ ఏ జాగా ఎవరిదో తేలదు. ప్రమాణాలు రాసి ముగించి నెట్‌వర్కులు పెట్టేసరికి 2030 ప్రాంతం. పట్టీయే తేలనప్పుడు ఫిల్టరెక్కడిది, ఫిల్టరు లేనిదే ఫోనెక్కడిది? కాబట్టి దాని కోసం కొనుగోలు ఆపుకోవద్దు.

కొనేవాళ్ళు ఒక చీటీ మీద ఇవి రాసుకోండి. మన దేశంలో 4జికి 1, 3, 5, 8, 28, 40, 41 అనే నంబర్ల పట్టీలు ఉండాలి. బీఎస్ఎన్ఎల్ వాడేవాళ్ళు 28 తప్పక చూసుకోవాలి, అది వాళ్ళ 700 మెగాహెర్ట్జ్ పట్టీ, పాత ఫోనులు చాలావాటిలో లేదు. 5జికి ముఖ్యమైనవి 28, 78. షాపులో పేరు కాదు, పెట్టె మీది మోడల్ నంబరు చూసి, కంపెనీ ఇచ్చిన వివరాల్లో ఈ అంకెలు వెతకండి. తరవాత మన సిమ్ము వేసి, వైఫై ఆపేసి, మామూలు కాల్ ఒకటి చేసి చూడండి. పాత ఫోనైతే *#06# నొక్కితే పదిహేను అంకెలు వస్తాయి. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, కొంచెం ఎడం ఇచ్చి, ఆ అంకెలు వేసి 14422కి మెసేజ్ పంపండి. అది దొంగ ఫోనో, నకిలీ ఫోనో జవాబొస్తుంది. ఆ జవాబు చూశాకే డబ్బు ఇవ్వండి.